ఆఖరి సైకిలు వచ్చాక పది నిమిషాలు

"మీరు ఆగింది నా కోసం కాదు. మీ ఆయాసం తీర్చుకోవడానికి."

2022 మార్చిలో ఒక ఆదివారం, పదకొండు గంటల ఎండలో, ఓర్వకల్లు రాతిగుట్టల దగ్గర మా ఆవిడ నాతో అన్న మాట ఇది. అని, సైకిలును కంపచెట్టుకు ఆనించి నేల మీద చతికిలబడింది. అరచేయి గీరుకుపోయింది. మోకాలి దగ్గర చుడీదారు చిరిగి రక్తం కనిపిస్తోంది. నేను నీళ్లసీసా అందించబోతే తీసుకోలేదు.

పెళ్లయి ఇరవై ఏళ్లయింది. ఆమె కోపం నాకు తెలుసు. అది కోపం కాదని మాత్రం అర్థమైంది.

అసలు ఆమె సైకిలు నేర్చుకున్నదే నలభై దాటాక. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కర్నూలులో మా కాలనీ వీధులన్నీ బోసిపోయాయి. సాయంత్రాలు పిల్లది సైకిలు తొక్కుతుంటే గేటు దగ్గర నిలబడి చూసేది. ఒకరోజు "నేనూ నేర్చుకుంటా" అంది. చిన్నప్పుడు వాళ్లింట్లో సైకిలు ఉండేది. వాళ్ల నాయన ఉద్యోగమే సైకిలు మీద. తమ్ముడు ఎనిమిదేళ్లకే బారు కింద నుంచి కాలు దూర్చి ఊరంతా తిరిగాడు. ఈమెకు మాత్రం క్యారియరు మీద కూర్చోవడమే దక్కింది. ఆడపిల్లకు సైకిలెందుకని ఎవరూ అనలేదట. నేర్చుకుంటావా అని కూడా ఎవరూ అడగలేదు.

మూడు వారాల్లో నేర్చుకుంది. నెలన్నరకు కూరగాయలకు సైకిలు మీదే వెళ్లింది. ఆ గర్వం చూసే నేను తొందరపడ్డాను.

మా బావమరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శని, ఆదివారాల్లో నందికొండల వైపు సైకిలు తొక్కే బృందంలో ఉన్నాడు. లావు టైర్లు, డిస్కు బ్రేకులు, ముందు చక్రానికి స్ప్రింగులు ఉన్న గేర్ల సైకిలు వాడిది. సెలవుకు వచ్చినప్పుడు "బావా, ఓర్వకల్లు పోదాం. అక్క కూడా వస్తుంది. మా ఫ్రెండ్సు ఇద్దరొస్తారు" అన్నాడు. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డులో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. మావాడికి పదిహేడేళ్లు, ఎగిరి గంతేశాడు. ప్రణాళిక అంటే అంతే. ఉగ్గాని బజ్జి తిని తీరిగ్గా ఏడున్నరకు బయల్దేరాం.

దారిలో జరిగింది చెబుతాను, ఎందుకంటే ఇది చాలామంది చేసే తప్పే. ముందున్న మేం ఐదుగురం చెట్టు కనిపించినచోట ఆగేవాళ్లం. నీళ్లు తాగి, ఫొటోలు తీసుకుని, కబుర్లు చెప్పుకునేలోపు మా ఆవిడ వచ్చేది. రాగానే "హమ్మయ్య, వచ్చేసింది, పదండి" అని లేచేవాళ్లం. ఆమె కాలు కింద పెట్టి రెండు గుక్కలు తాగేలోపు మేం కదిలేవాళ్లం. ఇలా ఐదుసార్లు. మాకు ఐదుసార్లు విశ్రాంతి. ఆమెకు ఒక్కసారి కూడా లేదు. అందరికన్నా కొత్త మనిషి, అందరికన్నా ఎక్కువ శ్రమపడింది. బ్యాంకులో పాతికేళ్లుగా లెక్కలు చూస్తున్నవాణ్ని, ఈ చిన్న లెక్క నాకు తట్టలేదు.

గుట్టల పక్కన మట్టిదారిలో దిగుతున్నప్పుడు ఆమె కాళ్లు అప్పటికే వణుకుతున్నాయి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కింది. చక్రం ఆగింది, మనిషి ఆగలేదు.

ఆమె, సైకిలు ఆటోలో ఇంటికి వచ్చారు. దెబ్బ వారంలో మానింది. సైకిలు మాత్రం మెట్ల కిందికి చేరింది. కూరగాయలకు మళ్లీ నడిచే వెళ్లడం మొదలుపెట్టింది. ఏమీ అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

దసరాకు మా మామగారు వచ్చారు. ఆయనది నంద్యాల దగ్గర పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఆయన కె.సి. కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. తూములు ఎత్తడం, దించడం, వంతుల ప్రకారం నీళ్లు వదలడం, గట్టుకు గండి పడితే పరుగున కబురు చేయడం లస్కరు పని. సర్వీసంతా కాలువ గట్టు మీద సైకిలు తొక్కారు. అరవై ఏడేళ్లు. ఇప్పటికీ ఆయన పాత ఇరవై నాలుగు అంగుళాల సైకిలే ఆయన బండి.

మెట్ల కింద బూజు పట్టిన సైకిలు చూసి సంగతి అడిగారు. దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు చుట్ట చేతిలో తిప్పుతూ కూర్చుని అన్నారు.

"కాలువకు నీళ్లొదిలితే తల దగ్గర రైతుకు ఎట్లైనా పారతాయి నాయనా. మేం ఆయప్పను చూడబళ్లే. చివరి ఆయకట్టులో మడి తడిసిందా లేదా, అది చూసి రావాల. అది తడవలేదంటే కాలువ నిండుగా పారినా ఆ ఏడు పారనట్టే లెక్క. మీరు తల దగ్గర నీళ్లు చూసుకొని లేచినారు."

రాయలసీమలో పుట్టినవాడికి ఇంతకన్నా వివరించి చెప్పక్కర్లేదు. కర్నూలు-కడప కాలువను 1863లో మొదలుపెట్టి 1870 నాటికి తవ్వారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర పుట్టి మూడువందల కిలోమీటర్లకు పైగా నడిచి కడప వైపు వెళుతుంది. చివరన ఉన్న రైతు ప్రతి ఏడూ ఎదురుచూసేది ఒక్కటే, తనదాకా వస్తాయా అని. మా ఆవిడ ఐదుసార్లు చెట్టు కిందికి వచ్చినప్పుడు ఎదురుచూసిందీ అదే.

"మళ్లీ పోదాం. ఈసారి నేనూ వస్తా" అన్నారు మామగారు. లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "నాకు రెండు షరతులున్నాయి. ఎంతసేపు ఆగాలో నేను చెప్తా. ఎక్కలేని చోట దిగి నడుస్తా, అప్పుడెవరూ 'రా రా, అయిపోయింది' అనకూడదు."

ఆ రోజు నుంచి నేను ప్రణాళిక వేయడం మొదలుపెట్టాను. ఈసారి పాత క్యాలెండరు వెనక కాగితం మీద.

వెళ్లేది ఆరుగురం. బావమరిది, మావాడు బాగా తొక్కుతారు. నేను మధ్యరకం. మామగారు నిదానం, కానీ సాయంత్రం దాకా తొక్కగలరు. అమ్మాయికి పదకొండేళ్లు, హుషారు ఎక్కువ, భయం తక్కువ. మా ఆవిడ కొత్త. ఆరుగురికీ సరిపడే దారి ఎక్కడుంది?

బావమరిది ఫోనులో నల్లమల అన్నాడు. అహోబిలం వైపు అడవిదారులు బాగుంటాయట. బాగుంటాయి, కానీ నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఒకరు వెనకబడితే అడవిలో ముందున్నవాళ్లకు కనిపించరు కూడా. కొత్తవాళ్లతో వెళ్లేటప్పుడు ముందున్నవాడికి వెనకవాడు కనపడేంత బయలు ఉండాలి. పాలకొండలు, శేషాచలం అంటే ఎర్రచందనం అడవులు, అక్కడా తనిఖీలే.

చివరికి గండికోట అనుకున్నాం. కడప జిల్లా జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ వెళ్లిన లోయ అంచున కోట. మొదట సాఫీగా ఉండే తారురోడ్డు, ఆ తర్వాత ఎక్కుడు, పైన ఎర్రమట్టి బండిబాటలు, మేకల కాపర్ల దారులు. తేలికది, మధ్యరకం, కష్టమైనది మూడూ ఒక్కచోటే దొరుకుతాయి. పైన ఉండటానికి పర్యాటక శాఖ హోటలు ఉంది. అదే మాకు ముఖ్యం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే ప్రయాణమైతే అందరూ ఒకే దూరం తొక్కాలి. ఒకేచోట బస చేసి చుట్లు తిరిగితే ఎవరి చుట్టు వాళ్లది. తేలిక చుట్టు వేసినవాళ్లు, కష్టం చుట్టు వేసినవాళ్లు అన్నానికి ఒకే ఆకు ముందు కూర్చోవచ్చు.

"కాగితం మీద గీసింది చాలదు, ముందు పోయి చూసి రా" అన్నారు మామగారు. తూము ఎత్తే ముందు కాలువ చివరిదాకా సైకిలు మీద పోయి చూసి వచ్చేవారట. నవంబరులో ఒక ఆదివారం నేనొక్కణ్నే వెళ్లాను. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కుడు ఎక్కడ మొదలవుతుంది, ఫోను ఎక్కడ పనిచేస్తుంది, దగ్గరి ఆసుపత్రి జమ్మలమడుగు నుంచి ఎంతసేపు, అన్నీ రాసుకున్నాను. చూడకపోతే తెలియనివి మూడు తెలిశాయి.

మొదటిది లారీలు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు. కొత్తగా తొక్కేవాళ్లు లారీల పక్కన పోకూడదు. అందుకని ఊరు దాటేదాకా సైకిళ్లను ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి, గండికోట దారి మొదలయ్యాక దించాలి.

రెండోది నేల. పైన బాటల్లో పలచటి రాతిపలకలు పరుచుకుని ఉంటాయి. ఎండలో మెరుస్తాయి, చక్రం కింద జారుతాయి. కింద పొలాల్లో నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి చక్రాలకు అంటుకుని సైకిలు కదలదు, భుజాన మోయాల్సిందే. మేం మొదట డిసెంబరు అనుకున్నాం. ఆ నెలలో మాండూస్ తుపాను వాన పడగానే మారుమాట లేకుండా జనవరి మూడోవారానికి వాయిదా వేశాం. సంక్రాంతి రద్దీ తగ్గుతుంది, ఎండ ముదరదు, నేల ఆరి ఉంటుంది.

మూడోది పల్లేరు. సీమలో చెప్పులు లేకుండా తిరిగిన ఎవరికైనా దాని సంగతి తెలుసు. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. బాట వదిలి పక్కకు దిగితే టైరు నిండా అవే. కంపముళ్లు సరేసరి.

బాట వదలకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది పిల్లలకు నేనే చెప్పాను. మన కళ్లకు ఈ కంపలు, రాళ్లు పనికిరాని బీడులా కనిపిస్తాయి. కానీ ప్రపంచంలో ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ కడప జిల్లా చిట్టడవుల్లోనే. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పాటైంది. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలుండే చోట మన చక్రాలు కొత్త బాటలు వేయకూడదు. ఉన్న బాటలు మనకు చాలు.

ఇక సాధన. నవంబరు నుంచి ప్రతి ఆదివారం పొద్దున కర్నూలులో కె.సి. కాలువ గట్టు మీద. మామగారే మాస్టారు. పండక్కి వచ్చిన మనిషి ఊరికి పోనన్నారు. మొదట సీటు దించారు, కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనేటట్టు. "భయం పోయినాక పైకి లేపుకోవచ్చు." టైర్లలో గాలి కాస్త తగ్గించారు, రాళ్ల మీద ఎగరకుండా. రెండు బ్రేకులు కలిపి, వెనకది కాస్త ముందుగా, మెల్లగా నొక్కుతూ వదులుతూ పోవడం ఒక వారమంతా నేర్పారు. దిగుడులో పెడళ్లు రెండూ సమంగా పెట్టి, సీటు మీద నుంచి కాస్త లేచి, ఒళ్లు వెనక్కి వాల్చాలి. రాయి మీద చూపు పెడితే సైకిలు రాయి మీదికే పోతుంది, రాయి పక్కన దారి మీద చూపు పెట్టాలి. ఈ చివరి మాట వినగానే మా ఆవిడ నవ్వింది. ఓర్వకల్లులో తను చూసింది రాయినేనట.

డిసెంబరు చివర్లో బావమరిది వచ్చి ఇది చూసి ఆశ్చర్యపోయాడు. బెంగళూరులో డబ్బు కట్టి నేర్చుకున్నవీ ఇవేనట. వాడు కొండ సైకిళ్ల కథ చెప్పాడు. 1970లలో అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను కొండ మీదికి మోసుకెళ్లి మట్టిదారుల్లో పందేలు వేసుకుని దిగేవారు. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ల పందెం పేరు రీప్యాక్. ఒక్కసారి దిగేసరికి వెనక బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజంతా కాలిపోయేది, మళ్లీ నింపాల్సి వచ్చేది, అందుకని ఆ పేరు. అదే పెరిగి పెరిగి 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు చేరింది.

మామగారు అంతా విని, "గట్టు మీద రాత్రిపూట టార్చిలైటు పట్టుకొని మేం తొక్కిందేమి మరి?" అన్నారు. వాడి దగ్గర జవాబు లేదు.

సైకిళ్ల విషయంలో మాత్రం పేచీ వచ్చింది. మా ఆవిడది గేర్లు లేని సైకిలు. దాంతో ఎక్కుడు కష్టం. కొత్తది కొనాలంటే బోలెడు ఖర్చు. రెండు రోజులు ఆలోచించి వాడికి ఫోను చేశాను. "ఒరే, నీ సైకిలు అక్కకివ్వు. అక్క సైకిలు నువ్వు తొక్కు." అవతల కాసేపు మాట లేదు. బాగా తొక్కేవాడికి మంచి సైకిలు, రానివాడికి డొక్కు సైకిలు ఇవ్వడం లోకంలో మామూలే. నిజానికి మంచి సైకిలు కావలసింది కష్టపడేవాడికి. అక్కాతమ్ముళ్లు ఇంచుమించు ఒకే ఎత్తు. "సరే బావా" అన్నాడు. అప్పటికే వాడికీ ఓర్వకల్లు గుర్తొచ్చి ఉంటుంది.

జనవరి మూడోవారం, శనివారం పొద్దున ఏడు దాటాక గండికోట దారిలో సైకిళ్లు దించాం. మంచు ఇంకా విడలేదు. రెండు పక్కలా శనగ చేలు. తలా మూడు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, చెనిక్కాయల చిక్కీలు, జొన్నరొట్టెలు, ఓఆర్ఎస్ పొట్లాలు, అందరి నెత్తిన హెల్మెట్లు. ఆరు ట్యూబులు, పంపు, ప్యాచీలు, సొల్యూషను. వెనక ట్రాలీ ఆటో మెల్లగా వస్తుంది. అలసినవాళ్లు ఎక్కి కూర్చోవచ్చు, అది ఓడిపోయినట్టు కాదు.

క్యాలెండరు వెనక రాసిన నియమాలు మావాడు బిగ్గరగా చదివాడు. ముందు అమ్మ. ఆమె వేగమే అందరి వేగం. ఆఖరున నాన్న, ఆయన్ను దాటి ఎవరూ వెనకబడకూడదు. ముందున్నవాళ్లు పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టు, తగ్గించాలి. ఆగినచోట ఆఖరి సైకిలు వచ్చాక పది నిమిషాలు ఆగాలి, అంతకుముందు గడిచిన సమయం లెక్కలోకి రాదు. ఎక్కుడులో కుర్రాళ్లు ఎంత వేగంగానైనా పోవచ్చు. అయితే పైకెక్కి కిందికి దిగివచ్చి, ఆఖరివాళ్లతో కలిసి మళ్లీ ఎక్కాలి.

ఆ చివరి నియమం మావాడి కోసం పెట్టింది. బాగా తొక్కేవాళ్లను కట్టేసినా ప్రయాణం చెడుతుంది. వాళ్లకు రెండింతల కొండ దొరికింది, మిగిలినవాళ్లకు తొందర తప్పింది.

మొదటి ఆరు కిలోమీటర్లలో ఒకసారి ఆగాం. పొలంలో పనిచేస్తున్న పెద్దాయన పిలిచి రెండు పిడికిళ్ల పచ్చి శనక్కాయలు అమ్మాయి చేతిలో పోశాడు. "యాడికి పోతాండారు, సైకిళ్లేసుకొని?" గండికోట అంటే, "బస్సు లేదా?" అని నిజంగానే జాలిపడ్డాడు.

ఎక్కుడు మొదలయ్యాక మావాడు గాలిలా పోయాడు. మా ఆవిడ చిన్న గేరులో మెల్లగా, కాలువలో నీరు సాగినట్టు తొక్కింది. గేరు ఎక్కుడుకు ముందే మార్చాలని తమ్ముడు పదిసార్లు చెప్పి ఉన్నాడు. సగం దూరం ఎక్కింది. అక్కడ దిగింది. నా గుండె గుబుక్కుమంది. వెనక నుంచి చూస్తున్నాను. నోటిదాకా వచ్చిన "ఇంకొంచెమే" అన్న మాటను మింగేశాను.

మామగారు ఆమెకన్నా ముందే దిగి, తన పాత సైకిలు నెట్టుకుంటూ నడుస్తున్నారు. కూతురు పక్కకు రాగానే, "గట్టు ఎక్కేటప్పుడు నేనెప్పుడూ తొక్కింది లేదమ్మా. దిగి నడిస్తే ఎవరి సొమ్ము పోయింది?" అన్నారు. ఇద్దరూ సైకిళ్లు పట్టుకుని మాట్లాడుకుంటూ నడిచారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. ఒక మాట మాత్రం గాలికి వచ్చింది. "అప్పుడు నీకు నేర్పిచ్చలేదు" అన్నారాయన. మా ఆవిడ ఏదో అంది. తర్వాత ఇద్దరూ నవ్వారు.

వంద గజాల తర్వాత ఆమె మళ్లీ ఎక్కింది. పైదాకా తొక్కింది.

పైకి చేరాక లెక్కపెడితే ఐదుగురమే ఉన్నాం. ఆఖరున ఉండాల్సిన నేను, మామగారితో కలిసి నడుస్తూ వచ్చేశాను. బావమరిది లేడు. నియమం రాసినవాణ్నే నియమం తప్పాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా ఎంత రాసుకున్నా ఆఖరువాణ్ని మర్చిపోవడం ఎంత తేలికో తెలియాలని చెబుతున్నాను.

మావాడు సైకిలు తిప్పి వెనక్కి వెళ్లాడు. పావుగంట తర్వాత మామా అల్లుళ్లిద్దరూ కనిపించారు. ఎక్కుడు కింద ఫొటో తీయడానికి వాడు రోడ్డు దిగి పక్కకు వెళ్లాడట. రెండు చక్రాలకూ పల్లేరు. ట్యూబులు ఆటోలో ఉన్నాయి, ఆటో మాతో పైకి వచ్చేసింది. గేర్లు లేని అక్క సైకిలును ఎండలో నెట్టుకుంటూ వచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయింది.

వాడు రాగానే మేం అందరం అలవాటుగా లేవబోయాం. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవరూ లేవొద్దు. వాడొచ్చి ఇప్పుడే." తమ్ముడికి మజ్జిగ ఇచ్చి, "పది నిమిషాలు. అప్పటిదాకా కూర్చో" అంది. గడియారం చూసి మరీ కూర్చోబెట్టింది. వాడు సగం గ్లాసు తాగి, తల వంచుకుని, "అక్కా, ఓర్వకల్లులో..." అని ఆగాడు. "తాగు ముందు" అంది.

మధ్యాహ్నం సంగటి తిని పడుకున్నాం. మూడున్నరకు చుట్లు. నేను, మామగారు, అమ్మాయి, మా ఆవిడ బండిబాటలో నాలుగు కిలోమీటర్ల చుట్టు. కుర్రాళ్లిద్దరూ రాళ్లబాటలో తొమ్మిది కిలోమీటర్లు. దిగుడు వచ్చినచోట మా ఆవిడ ఒకసారి ఆగి, దారి చూసుకుని, పెడళ్లు సమంగా పెట్టి, ఒళ్లు వెనక్కి వాల్చి దిగింది. కింద ఆగి వెనక్కి తిరిగి చూసింది, నేను చూశానో లేదోనని. చూశాను.

కోటలోకి సైకిళ్లు తీసుకెళ్లలేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలవి. జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం నడిచే చూశాం. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు, అక్కడ నడకకే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పొద్దు వాలుతుంటే ఎర్రటి రాతిగోడల మధ్య పెన్న నీళ్లు కిందెక్కడో మెరిశాయి. ఆ రాళ్లను నీళ్లు కొయ్యడానికి ఎంత కాలం పట్టి ఉంటుందని అమ్మాయి అడిగింది. "తొందరపడలేదులే" అన్నారు మామగారు.

మర్నాడు మా ఆవిడ కాళ్లు నొప్పులంది. దానికీ కాగితంలో చోటుంది. సైకిళ్లు ఆటోకెక్కించి అందరం బెలుం గుహలకు వెళ్లాం. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలు 2002 నుంచి సందర్శకులకు తెరిచి ఉన్నాయి. రెండోరోజు తొక్కనివాళ్లు గదిలో కూర్చుని తొక్కేవాళ్ల కోసం ఎదురుచూసే ప్రయాణమైతే, దాన్ని అందరి ప్రయాణం అనలేం.

ఇప్పుడు మా ఇంట్లో ఆ సైకిలు మెట్ల కింద లేదు. గేటు పక్కన నీడలో ఉంటుంది. కూరగాయలు మళ్లీ సైకిలు మీదే వస్తున్నాయి. బావమరిది తన గేర్ల సైకిలు తిరిగి తీసుకెళ్లాడు కానీ, వాళ్ల బెంగళూరు బృందంలోనూ పది నిమిషాల నియమం పెట్టాడట. మొదట్లో అందరూ విసుక్కున్నారట. తర్వాత, మానేసి వెళ్లిపోయిన ఇద్దరు మళ్లీ వస్తున్నారట.

మొన్న మావాడు అడిగాడు, ఈసారి యాగంటి కొండల వైపు పోదామా అని. మా ఆవిడ వంటింట్లో నుంచి తల బయటికి పెట్టింది.

"పోదాం. ముందు మీ నాన్నను పోయి చూసి రమ్మను."